చెత్తబుట్టలో తోట ఉంది!

బీరకాయ చెక్కు, అరటి తొక్క, వాడేసిన టీపొడి, దేవుడి పటాలకు పెట్టిన నిన్నటి పూలు... పొద్దున్నే కవర్లో కట్టి గుమ్మం బయట పెట్టేసే వీటన్నిటికీ ఇంకో పేరుంది. ఎరువు! కాస్త ఓపిక, రెండు డ్రమ్ములు, డాబా మీద నాలుగు కుండీలు ఉంటే చాలు. వంటింట్లోంచి వెళ్లిన చెత్త తోటకూర కట్టగా మారి మళ్లీ వంటింటికే వస్తుంది.

ఒకప్పుడు మన పల్లెటూరి ఇళ్లలో చెత్తబుట్టకి పెద్దగా పని ఉండేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలోకి వెళ్లేవి. గేదె తాగేది, పాలిచ్చేది. పేడ, పొయ్యిలో బూడిద, వాకిలి ఊడ్చిన చెత్త పెంటకుప్పకి చేరేవి. తొలకరికి ముందు అదంతా బండికెక్కి పొలానికి వెళ్లేది. కొబ్బరిపీచు అంట్లు తోమడానికి, అంట్లు తోమిన నీళ్లు పెరట్లో అరటి చెట్టుకి. పారేయడానికి ఏం మిగిలిందని?

పట్నం వచ్చాక గేదె లేదు, కుడితి తొట్టి లేదు, పెరడూ లేదు. తొక్కలు మాత్రం ఉన్నాయి! వాటికి తోడు పాల ప్యాకెట్లు, షాంపూ సాషేలు, పార్సిల్ డబ్బాలు వచ్చి చేరాయి. అన్నీ కలిపి ఒకే కవర్లో వేసి, మూతి బిగించి కట్టేస్తున్నాం. అసలు చిక్కంతా ఆ ముడి దగ్గరే మొదలవుతోంది.

ముడి వేసిన కవరు ఎటు పోతుంది?

మన కళ్ల ముందు నుంచి పోతుంది, అంతే. హైదరాబాద్ చెత్త ఏళ్ల తరబడి జవహర్‌నగర్‌కి, విశాఖ చెత్త కాపులుప్పాడకి చేరింది. ఊరు ఏదైనా కథ ఒకటే. ఒక ఊరి చెత్త ఇంకో ఊరి వాకిట్లో గుట్టవుతుంది.

మన పట్టణాల చెత్తలో తూకానికి దాదాపు సగం, చాలాచోట్ల అంతకన్నా ఎక్కువే, తడి చెత్త. ఆరుబయట మట్టిలో పడితే తొక్క ఇట్టే కలిసిపోతుంది. అదే తొక్క గాలి ఆడని గుట్ట అడుగున పడితే మరోలా కుళ్లుతుంది. అప్పుడు పుట్టేదే మీథేన్ వాయువు. వందేళ్ల లెక్కన చూస్తే, భూమిని వేడెక్కించడంలో ఇది బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 28 రెట్లు చురుకైనది. చెత్త గుట్టలు ఉన్నట్టుండి అంటుకుని రోజుల తరబడి పొగలు కక్కడం వెనక కూడా దీని పాత్ర ఉంది.

మరో సంగతి... కుళ్లిన చెత్తలోంచి నల్లటి రసం కారుతుంది. దారిలో తగిలిన బ్యాటరీల విషాన్నీ, రంగుల్నీ, మందుల్నీ కలుపుకుని భూమిలోకి దిగుతుంది. జవహర్‌నగర్ గుట్ట నుంచి దిగిన రసం పక్కనున్న మల్కారం చెరువుని పాడుచేసింది. చివరికి ఆ పాత గుట్టని మట్టితో, ప్లాస్టిక్ పొరలతో కప్పాల్సి వచ్చింది.

ఇక మనుషుల మాట. కలిపి కట్టిన కవర్ని ఎవరో ఒకరు విప్పాలి కదా! పులిసిన కూరలో చెయ్యి పెట్టి సీసాలు, అట్టలు ఏరుకునేది ఎవరో ఒక తల్లి. పగిలిన గాజుముక్క, షుగరు మందు ఎక్కించుకున్న సూది గుచ్చుకునేది ఆమె చేతికే. వాసనకి వచ్చిన ఆవు కవరుతో సహా మింగేస్తుంది. వంటింట్లో పది సెకన్లు ఆగి రెండు బుట్టల్లో వేస్తే ఇవేవీ జరగవు.

చేసి చూపించిన ఊళ్లు

ఈ మాట కొత్తదేం కాదు. అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగా 2000లో దేశంలో మొదటిసారి పట్టణ చెత్తకి నిబంధనలు వచ్చాయి. 2016లో వచ్చిన నిబంధనలు తడి, పొడి, ఇంట్లోని ప్రమాదకర చెత్తని ఎవరింట్లో వారే వేరుచేసి ఇవ్వాలని స్పష్టంగా చెప్పాయి. ఐదువేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తని వీలైనంత వరకూ తమ ప్రాంగణంలోనే ఎరువుగానో, గ్యాసుగానో మార్చుకోవాలనీ అన్నాయి.

నిబంధన కాగితం మీదే ఉంటుంది, మన ఊళ్లలో ఎవరు చేస్తారు... అనుకుంటున్నారా? సూర్యాపేటని గుర్తు చేసుకోవాలి. అప్పట్లో నల్గొండ జిల్లాలో ఉన్న ఆ పట్టణం 2003 ప్రాంతంలో కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ హయాంలో దేశమంతా తిరిగి చూసేలా చేసింది. ఇంటింటికీ వెళ్లి తడి, పొడి చెత్తని వేర్వేరుగా సేకరించారు. తడి చెత్తని వానపాములకి అప్పగించి వర్మికంపోస్టు చేశారు. పొడి చెత్తని అమ్మారు. వేరే ఊళ్ల అధికారులు బస్సులెక్కి వచ్చి చూసి వెళ్లారు.

కేరళలోని అలప్పుళది మరో కథ. పట్టణం చెత్తని పక్క పంచాయతీలోని సర్వోదయపురంలో పోసేవారు. అక్కడివాళ్లు ఓపిక నశించి లారీల్ని అడ్డుకున్నారు. వీధుల్లో చెత్త పేరుకుపోయింది. దాంతో 2012లో ఇంటి చెత్తని ఇంట్లోనే ఎరువుగా, వంటగ్యాసుగా మార్చే పథకం మొదలుపెట్టారు. గొట్టాల్లో ఎరువు చేశారు, చిన్న గ్యాస్ ప్లాంట్లు పెట్టుకున్నారు. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం చెత్తని చక్కగా ఎదుర్కొన్న ఐదు నగరాల్లో అలప్పుళ పేరూ చేర్చింది.

రెండు ఊళ్లలోనూ గొప్ప యంత్రాలేం లేవు. ఉన్నదల్లా వంటింటి దగ్గరే వేరుచేయడం.

ముందు పచ్చడి... తర్వాతే ఎరువు

ఎరువు మాట తర్వాత. మొదట చెత్తే తగ్గించుకోవచ్చు కదా! ఆ విద్యలో మన పెద్దవాళ్లది అందెవేసిన చెయ్యి. బీరకాయ చెక్కు పారేసేవాళ్లా? నువ్వులు, పచ్చిమిర్చి వేసి పచ్చడి నూరేవాళ్లు. సొరకాయ చెక్కూ అంతే. పుచ్చకాయ ఎర్రటి గుజ్జు తిన్నాక మిగిలే తెల్లటి భాగం కూరకీ, అట్ల పిండిలోకీ పనికొస్తుంది. కొత్తిమీర కాడలు చారులో వేస్తే ఆకుల కన్నా ఘుమఘుమ. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోస్తే పొద్దున్నే చద్దన్నం.

కొనేటప్పుడే చూసుకోవాల్సింది ఇంకొంత. వారానికి సరిపడా అని తెచ్చిన ఆకుకూర ఫ్రిజ్‌లో నాలుగో రోజుకే నల్లబడుతుంది. రెండు రోజులకోసారి కొంచెం కొంచెం తెచ్చుకుంటే డబ్బూ, చెత్తా రెండూ మిగులుతాయి. బండి డిక్కీలో ఎప్పుడూ రెండు గుడ్డ సంచులుంటే కూరగాయల కవర్లు సగానికి సగం తగ్గిపోతాయి. 120 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ సంచులపై 2022 చివరి నుంచి నిషేధం ఉంది. అంతకు ముందే, 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, కప్పులు, ప్లేట్లు, చెంచాల్లాంటి ఒక్కసారి వాడి పారేసే సరుకుని నిషేధించారు. పుట్టినరోజుకి పేపరు ప్లేట్లు తేవడం కన్నా పక్కింటివాళ్ల దగ్గర స్టీలు పళ్లేలు అడిగి తెచ్చుకోవడం మేలు. విస్తరాకులు దొరికితే మరీ మేలు. తిన్నాక అవీ ఎరువులోకే!

డ్రమ్ములో ఎరువు... ఇలా

ఒక వారం పాటు ఇంట్లో తడి చెత్తని తూకం వేసి చూడండి. నలుగురున్న ఇంట్లో రోజుకి అరకిలోకి తక్కువ ఉండదు. అంటే ఏడాదికి 180 కిలోల పైమాటే. ఎరువయ్యేసరికి అది మూడో వంతో, నాలుగో వంతో అవుతుంది. ఒక్క ఇంటి కుండీలకి అది బోలెడు!

కావలసినవి: 50 లేదా 60 లీటర్ల పాత ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు. రంగుల దుకాణాల్లో, పాత సామాన్ల దగ్గర దొరుకుతాయి. మందులు, రసాయనాలు పోసినవి మాత్రం వద్దు. ఇవి లేకపోతే మట్టి గోళేలైనా సరే. డ్రమ్ము చుట్టూ జానెడు దూరానికొకటి చొప్పున, అడుగున ఐదారు, వేలు దూరేంత రంధ్రాలు పెట్టాలి. ఇటుకల మీద ఎత్తి పెట్టి, కింద ఒక పళ్లెం ఉంచాలి. మీద మూత తప్పనిసరి.

అడుగున నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులు, కొబ్బరిపీచు పరవండి. దాని మీద ఆ రోజు తడి చెత్త. పెద్ద ముక్కల్ని చిన్నవిగా తుంచి వేస్తే త్వరగా చివుకుతాయి. దాని మీద అంతే పరిమాణంలో ఎండుటాకులు, లేదా రంపపు పొట్టు, లేదా కొబ్బరి పొట్టు. ఏవీ లేకపోతే రంగులు లేని దినపత్రిక చింపిన ముక్కలు. గిన్నెడు తడికి గిన్నెడు పొడి. ఈ ఒక్క లెక్క మర్చిపోకపోతే సగం పని అయిపోయినట్టే.

ఎందుకలా? చెత్తని ఎరువు చేసేది మనం కాదు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు. వాటికి మనలాగే అన్నమూ కావాలి, పప్పూ కావాలి. ఎండుటాకుల్లో ఉండే కర్బనం వాటి అన్నం. పచ్చి తొక్కల్లో ఉండే నత్రజని వాటి పప్పు. దాదాపు ముప్పై పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటే అవి హాయిగా పని చేస్తాయి. ఒట్టి తొక్కలే వేస్తే పప్పు ఎక్కువై, మిగిలింది అమ్మోనియాగా మారి ముక్కుపుటాలు అదరగొడుతుంది.

మొదటిసారి తోడు వేయాలి, పెరుగుకి వేసినట్టే! గుప్పెడు పశువుల పేడ నీళ్లలో కలిపిగానీ, గ్లాసుడు పుల్లటి మజ్జిగగానీ, ఎవరింట్లోనైనా తయారైన ఎరువు రెండు గుప్పెళ్లుగానీ చాలు. మూడు నాలుగు రోజులకోసారి కర్రతో అడుగు నుంచి పైకి కలియబెట్టాలి. లోపల గోరువెచ్చగా తగిలిందా? పని జరుగుతున్నట్టే.

తడి సరిపోయిందో లేదో చూడ్డానికి ఒక పరీక్ష ఉంది. గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారితే తడి ఎక్కువ. పొడిపొడిగా రాలిపోతే తక్కువ. ముద్దయి, చెయ్యి మాత్రం తడిస్తే సరిగ్గా ఉన్నట్టు.

ఒక డ్రమ్ము నెలా నెలన్నరకి నిండుతుంది. దాన్ని పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టాలి. రెండోది నిండేలోపు మొదటిది మాగుతుంది. నల్లగా, పొడిపొడిగా, తొలకరి చినుకు పడ్డప్పటి మట్టి వాసన వస్తే అయినట్టే. జల్లెడ పట్టి, చివకని ముక్కల్ని మళ్లీ డ్రమ్ములోకే వేసేయాలి.

రెండో నెల గండం

చాలా ఇళ్లలో ఎరువు డ్రమ్ము మొదటి నెల ముద్దుగా, రెండో నెల బరువుగా, మూడో నెల అటక మీద ఉంటుంది. కారణం ఒకటే... వాసన, పురుగులు. రెండింటికీ మందు ఇంట్లోనే ఉంది.

కుళ్లు వాసన: గాలి ఆడటం లేదు, తడి ఎక్కువైంది. ఎండుటాకులు రెండింతలు వేసి, రోజూ ఒకసారి చొప్పున వారం పాటు కలియబెట్టాలి. రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడాలి.

తెల్లటి పురుగులు: తడి ఎక్కువైనప్పుడే వస్తాయి. చూడ్డానికి ఒళ్లు జలదరిస్తుందిగానీ, ఇవి చెత్తని తినిపెట్టే పనివాళ్లే. పైన రెండు అంగుళాల పొడి ఆకులు కప్పి, గుప్పెడు వేపపిండి చల్లితే తగ్గుతాయి. తొక్కలు ఎప్పుడూ పైకి కనిపించకుండా కప్పి ఉంచితే అసలు రావు.

చీమలు: ఇది తిరకాసు. బాగా పొడిబారిందన్నమాట. చెంబుడు నీళ్లు చిలకరించి కలపండి.

ఎలుకలు: అన్నం, కూరలు వేసిన ఇళ్లకే వస్తాయి. మూత గట్టిగా ఉండాలి.

డ్రమ్ములోకి వేయకూడనివి కొన్ని ఉన్నాయి. నూనె కారే కూరలు, మాంసం, చేపలు, ఎముకలు, పాలు, పెరుగు ఎక్కువ మోతాదులో వద్దు. మొదట్లో వేసే మజ్జిగ తోడు వేరు సంగతి. నిమ్మ డిప్పలు ఒకటీ అరా సరే, పచ్చళ్లు పట్టిన రోజు బుట్టెడు వద్దు. టీపొడిలో పంచదార ఉంటుంది కాబట్టి ఒకసారి కడిగి వేయాలి. గుడ్డు పెంకుల్ని ఎండబెట్టి పొడి చేయాలి. పూలదండల్లోంచి దారం తీసేయాలి. కొబ్బరి చిప్పలు, మామిడి టెంకలు ఏళ్లు గడిచినా అలాగే ఉంటాయి, వాటిని విడిగా పెట్టాలి. పిల్లల డైపర్లు, శానిటరీ న్యాప్‌కిన్లు, పాత మందులు, బ్యాటరీలు, బల్బులు... ఇవన్నీ మూడో సంచి. కాగితంలో చుట్టి, గుర్తు పెట్టి, బండివాళ్లకి విడిగా ఇవ్వాలి.

పనెవరిది?

పచ్చదనం గురించి ఎంత మాట్లాడినా, చాలా ఇళ్లలో ఆ పని చివరికి ఒక్కరి నెత్తినే పడుతుంది. వంట చేసేది ఆవిడే, తొక్కలు వేరుచేసేది ఆవిడే, డ్రమ్ము కలియబెట్టేదీ ఆవిడే అయితే రెండో నెలలో విసుగు పుట్టడంలో ఆశ్చర్యమేముంది? అది ఆవిడ బద్ధకం కాదు, ఇంటిల్లిపాదీ పంచుకోని పని.

పంచుకోవడం పెద్ద కష్టం కాదు. వంటింట్లో వేరుచేయడం వంట చేసినవారి వంతు. మూతగిన్నె డాబా మీదికి తీసుకెళ్లి డ్రమ్ములో వేసి ఆకులు కప్పడం ఇంటాయన వంతు. పేపరు చదవడానికి ముందు ఐదు నిమిషాలు చాలు. ఆదివారం కలియబెట్టడం, వారంలో వచ్చిన పురుగుల్ని భూతద్దంలో చూడటం పిల్లల వంతు. సైన్సు పుస్తకంలో రెండు పేజీల పాఠం ఇక్కడ ఒక్క కర్రతో అర్థమవుతుంది. అమ్మమ్మో, తాతయ్యో ఇంట్లో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఎండుటాకులు పోగేయడం దగ్గర్నుంచి ఎరువు మాగిందో లేదో వాసన చూసి చెప్పడం దాకా ఆ పెత్తనం వాళ్లకే వదిలేయొచ్చు.

అపార్ట్‌మెంట్లలో పది ఫ్లాట్లు కలిసి సెల్లారులో ఒక మూల నాలుగు డ్రమ్ములు పెట్టుకుంటే ఇంకా సులువు. వాచ్‌మన్ మీద ఈ పని కూడా వేస్తే అందుకు విడిగా డబ్బివ్వడం మర్యాద.

డాబా మీద తోట: మొదట ఆకుకూరలే

ఎరువు తయారైంది. మరి ఎక్కడ వాడాలి? చాలామంది మొదటి రోజే టమాటా, క్యాప్సికం వేసి, కాయ రాలేదని నిరాశపడతారు. ఆకుకూరలతో మొదలుపెడితే ఆ బాధ ఉండదు. మెంతికూర మూడు వారాలకి, తోటకూర నాలుగు వారాలకి కోతకొస్తాయి. పాలకూర కోసేకొద్దీ మళ్లీ చిగురిస్తుంది. కూరకి తెచ్చిన పుదీనా కాడలు నాలుగు గుచ్చితే చాలు. బచ్చలి తీగ ఒకటి ఉంటే వారానికోసారి పప్పులోకి కొదవుండదు. ధనియాల్ని చేత్తో నలిపి రెండు బద్దలు చేసి చల్లితే కొత్తిమీర చక్కగా మొలుస్తుంది.

ఆకుకూరలకి ఆరు అంగుళాల లోతు చాలు. పాత టబ్బులు, థర్మాకోల్ పెట్టెలు, బియ్యం సంచులు ఏవైనా పనికొస్తాయి. వంగ, టమాటా, మిరపకి అడుగు లోతు కావాలి. బీర, కాకర, దొండలాంటి తీగలకి అడుగున్నర. ఏ కుండీకైనా అడుగున రంధ్రం ఉండాల్సిందే.

మట్టి మిశ్రమం: ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇంటి ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు. కుండీకి గుప్పెడు వేపపిండి. ఒట్టి ఎర్రమట్టి అయితే ఎండకి ఇటుకలా గట్టిపడుతుంది. ఒట్టి ఎరువైతే నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. నెలకోసారి కుండీకి రెండు గుప్పెళ్ల ఎరువు వేసి, పైమట్టిని గుల్ల చేస్తే చాలు.

కాలం చూసుకుని వేయడం కూడా ముఖ్యమే. వర్షాలు మొదలవగానే బెండ, వంగ, బీర, కాకర, చిక్కుడు. దసరా దాటాక టమాటా, పాలకూర, మెంతి, కొత్తిమీర. ఎండాకాలంలో తోటకూర, గోంగూర, బచ్చలి, గోరుచిక్కుడు. ఏప్రిల్, మే నెలల్లో పైన పచ్చటి నెట్ కట్టకపోతే ఏ మొక్కా నిలవదు. ఆ రోజుల్లో నీళ్లు పొద్దున్నే పోయాలి, మిట్టమధ్యాహ్నం కాదు. బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీళ్లు మొక్కలకే పోస్తే కుళాయి నీళ్లు ఆ మేరకు మిగులుతాయి. ఉప్పు వేసిన నీళ్లు, సబ్బు నీళ్లు మాత్రం వద్దు.

పేనుబంక, పిండినల్లి కనిపిస్తే కంగారు పడొద్దు. మొదట నీళ్లు గట్టిగా చిమ్మండి, సగం పోతాయి. మిగతావాటికి లీటరు నీళ్లలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున పిచికారీ చేయాలి. వారానికోసారి చొప్పున మూడు వారాలు. బయట కొన్న విషపు మందు ఇంటి ఆకుకూర మీద కొడితే ఇక ఇంత శ్రమ దేనికి?

ఈ రెండూ మరవొద్దు

ఒకటి... బరువు. తడి మట్టి ఘనపుటడుగుకి 45-50 కిలోలు తూగుతుంది. ఇళ్ల డాబాలకి ప్రమాణాల ప్రకారం లెక్కగట్టే అదనపు బరువు చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. సగానికి కోసిన పెద్ద డ్రమ్ము నిండా మట్టి పోస్తే అదొక్కటే అంత తూగుతుంది. అందుకే పెద్ద కుండీలు డాబా మధ్యలో కాకుండా కింద గోడలు, దూలాలు ఉన్నచోటే పెట్టాలి. కుండీల్ని ఇటుకల మీదో, స్టాండు మీదో ఎత్తితే కింద తడి ఆరుతుంది, స్లాబు చెమ్మగిల్లదు. పాత ఇల్లయినా, పగుళ్లున్నా ముందు ఇంజినీరుకి చూపించాలి. అద్దె ఇల్లయితే యజమానికి ఒక మాట చెప్పాలి.

రెండు... దోమ. డెంగీ తెచ్చే దోమ మురికి కాల్వలో కాదు, కుండీ కింద పళ్లెంలో నిలిచిన శుభ్రమైన నీళ్లలో పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ అయ్యేందుకు వారం, పది రోజులు చాలు. అందుకని వారానికి ఒకరోజు పళ్లేలన్నీ బోర్లించి, తుడిచి, ఆరబెట్టాలి. పిట్టలకి పెట్టే నీళ్ల మూకుడు కూడా తోమి మార్చాలి. పచ్చదనం కోసం పెట్టిన తోట పిల్లలకి జ్వరం తేకూడదు కదా!

తరచూ వచ్చే అనుమానాలు

బాల్కనీ మాత్రమే ఉంటే? మూడు, నాలుగు గంటల ఎండ వచ్చినా పుదీనా, బచ్చలి, పాలకూర, కరివేపాకు పెరుగుతాయి. వంగ, టమాటాకి ఆరు గంటల ఎండ కావాలి. ఎండ లేకపోతే ఎరువు చేసి పార్కుకో, వీధిలో చెట్లకో ఇవ్వొచ్చు. చెట్టు ఎవరిదైతేనేం!

వానపాములు తప్పనిసరా? అక్కర్లేదు. ఉంటే ఎరువు ఇంకా మెత్తగా వస్తుంది. కానీ వాటికి ఎండ పడదు, వేడి పడదు, కారం, పులుపు పడవు. డ్రమ్ము ఎరువు చేతికి అలవాటయ్యాక నీడ పట్టున మొదలుపెడితే మంచిది.

ఎండుటాకులు ఎక్కడ దొరుకుతాయి? జనవరి నుంచి మార్చి దాకా వీధుల నిండా అవే. ఊడ్చి తగలబెట్టేలోపే రెండు గోనెసంచులు నింపి దాచుకుంటే ఏడాదంతా వస్తాయి. పొగ కూడా తప్పుతుంది.

దీనివల్ల కూరగాయల ఖర్చు మిగులుతుందా? మొదటి ఏడాది పెద్దగా మిగలదు. ఖరీదైన కుండీలు, రంగురంగుల పనిముట్లు కొంటే ఎదురు ఖర్చే. పాత సామాన్లతో మొదలుపెట్టి, విత్తనాలు ఇంట్లోనే దాచుకుంటే రెండో ఏడాది నుంచి ఆకుకూరలకి బజారుకి వెళ్లడం బాగా తగ్గుతుంది. తగ్గేదాంట్లో పెద్దది మాత్రం గుమ్మం బయట పెట్టే సంచి బరువు. అది మొదటి వారం నుంచే తెలుస్తుంది.

ఒక్క ఇల్లు చేస్తే ఊరు బాగుపడుతుందా? పడదు. కానీ చెత్తబండి దగ్గర రెండు బుట్టలతో నిలబడ్డ మనిషిని చూసి ఎదురింటివాళ్లు ఇదేంటని అడుగుతారు. సూర్యాపేట అయినా, అలప్పుళ అయినా ఒక్కో ఇంటి గుమ్మం దగ్గర్నుంచే మొదలైంది.

ఈ ఆదివారం చేయాల్సింది చాలా తక్కువ. వంటింట్లో రెండో బుట్ట ఒకటి పెట్టండి. ఒక పాత డ్రమ్ముకి రంధ్రాలు చేయండి. వీధిలో రాలిన ఆకులు ఒక సంచి నింపండి. వచ్చే నెలకి గుప్పెడు మెంతులు నానబెట్టుకోవచ్చు. 'పెరటి చెట్టు మందుకు పనికిరాదు' అని సామెత. మందుకి పనికొచ్చినా రాకపోయినా, పప్పులోకి మాత్రం నిక్షేపంలా పనికొస్తుంది!